చుక్క డైరీ: ఆవుల కొట్టం పక్కన ఒక గుర్రప్పిల్ల

2024 ఫిబ్రవరి 15, గురువారం

చూడితో ఉన్న మా ఆడగుర్రం గౌరి చనుమొనల మీద ఈ ఉదయం మైనం కనిపించింది. తేనె రంగులో గట్టిపడిన రెండు బొట్లు. తాత వంగి చూసి, "ఈనడానికి ఇంక రెండు మూడు రాత్రులే అమ్మణ్ణీ. మంచం ఇక్కడికే తెచ్చుకో" అన్నాడు.

మాది పాడి ఇల్లు. నేను పుట్టింది హిందూపురంలో, మెట్టింది దొడ్డబళ్లాపుర పక్కన పల్లెలో. ఇంట్లో తెలుగు, గేటు దాటితే కన్నడ. 9 ఆవులు, యెలహంక వైపు అపార్ట్‌మెంట్లకు పాలు. మా రెండు వైపులా గుర్రాన్ని కట్టినవాళ్లు లేరు. నిరుడు దసరా ముందు, ఊరు మారుతున్న ఒకాయన దగ్గర ఈ మార్వారీ ఆడగుర్రాన్ని చూడితో ఉండగా కొన్నాం. కొనేముందు పశుసంవర్ధక శాఖ ద్వారా రక్తం హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి వెళ్లింది. గ్లాండర్స్ లేదని కాగితం చేతికొచ్చాకే డబ్బిచ్చాం. ఆ జబ్బు మనుషులకూ అంటుకుంటుంది కాబట్టి ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు.

తాత చింతామణి మనిషి. బెంగళూరు రేసుకోర్సులో 30 ఏళ్లకు పైగా గుర్రాలను చూసుకునే సైసుగా పనిచేసి ఇప్పుడు మా ఊళ్లో కూతురి దగ్గర ఉంటున్నాడు. పొద్దున, సాయంత్రం వచ్చి గౌరికి మాలీసు చేస్తాడు. గుర్రాలు చూసే డాక్టరమ్మ జక్కూరు వైపు నుంచి రావాలి, పిలిస్తే రెండు గంటలు. ఆ రెండు గంటల ముందే ఏదైనా పసిగట్టాలి కదా, అందుకే ఈ నోటుబుక్కు మొదలుపెట్టాను.

ఫిబ్రవరి 17

రోజూ సాయంత్రం చనుమొన నుంచి రెండు చుక్కలు మాత్రం పిండి, పులుపు కొలిచే పీహెచ్ కాగితం మీద వేస్తున్నాను. సోమవారం 7 దాటి ఉంది. నిన్న 6.8. ఇవాళ 6.4. ఈత దగ్గరపడే కొద్దీ పాలలో కాల్షియం పెరిగి పీహెచ్ దిగుతుంది. 6.4కు దిగిందంటే ఆ రాత్రో మర్నాడో అని డాక్టరమ్మ చెప్పింది. గుర్రాలు ఎక్కువగా రాత్రిపూటే ఈనుతాయి, మనుషుల అలికిడి ఉంటే ఆపుకుంటాయి కూడా. లైటు తీసేశాం.

ఫిబ్రవరి 18, తెల్లవారుజాము

2:05కి నీళ్లు పోయాయి. ముందు తెల్లటి సంచి కనిపించింది. అదే చూడాలి. తెల్లదానికి బదులు ఎర్రటి ముఖమల్‌లా వస్తే మాయ ముందే ఊడిపోయిందన్నమాట. లోపల బిడ్డకు గాలి అందదు కాబట్టి వెంటనే కత్తిరించి బయటికి లాగాలి. కత్తెర నా చేతిలోనే ఉంది, అవసరం పడలేదు.

2:25కి భూమ్మీద పడింది. ఆడపిల్ల. బూడిద గోధుమ రంగు, నుదుటి మీద తెల్లటి చుక్క (పేరు కూడా అదే), చెవుల కొనలు అప్పుడే ఒకదాని వైపు ఒకటి వంగి ఉన్నాయి. గిట్టల కింద మెత్తటి, తడి వేళ్ల లాంటివి వేలాడుతుంటే భయపడ్డాను. తల్లి కడుపులో గీరుకోకుండా దేవుడిచ్చిన చెప్పులవి, నడిచాక రాలిపోతాయి అన్నాడు తాత. మధ్యాహ్నానికి నిజంగానే లేవు.

3:10కి నిలబడింది. 4:05కి పాలు తాగింది. 4:20కి మాయ పడింది. ఒక గంటలో నిలబడాలి, రెండు గంటల్లో తాగాలి, మూడు గంటల్లో మాయ పడాలి. గోడ మీద బొగ్గుతో రాసి పెట్టుకున్న లెక్క ఇది. "ఆవుకైతే పొద్దుగూకేదాకా చూడొచ్చు కదమ్మా" అంది అత్తమ్మ. ఆవుకు చూడొచ్చు. గుర్రానికి మూడు గంటలు దాటితే గర్భసంచిలో విషం పుట్టి కాళ్ల గిట్టల దాకా దిగుతుందట. అందుకే మాయను నేల మీద పైజమాలా పరిచి, రెండు కొమ్ముల కొసలూ ఉన్నాయో లేదో టార్చి వేసి చూశాం. చిరుగు లేదు.

బొడ్డుకు పలచటి క్లోర్‌హెక్సిడిన్ ద్రావణం, రోజుకు మూడుసార్లు. బొడ్డులోంచి చేరిన చీము కీళ్లలో కూర్చుంటే పిల్ల జీవితాంతం కుంటుతుంది.

ముర్రుపాలు బాగున్నాయో లేదో చూడడానికి పక్క తోట రైతును అడిగాను. ఆయన బెంగళూరు నీలం ద్రాక్ష పండిస్తాడు, కాయ తీపి కొలిచే బ్రిక్స్ మీటరు ఆయన దగ్గర ఉంది. దాని గాజు మీద గౌరి పాలు ఒక చుక్క వేస్తే 25 చూపించింది. 20 దాటితే మంచిదే. మా ఇంట్లో ఆవు ఈనితే జున్ను వండుకోవడం ఆనవాయితీ. గౌరి పాలు మాత్రం ఆ చుక్క తప్ప ఎవరం ముట్టలేదు.

ఫిబ్రవరి 19

డాక్టరమ్మ వచ్చి రక్తం తీసింది. గుర్రప్పిల్ల పుట్టేటప్పుడు రోగాన్ని ఎదిరించే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) దాదాపు ఏవీ తెచ్చుకోదు, ముర్రుపాల నుంచే రావాలి. పేగు వాటిని లోపలికి తీసుకునేది మొదటి రోజే, ఆ తర్వాత తలుపు మూసుకుంటుంది. రక్తంలో అవి డెసిలీటరుకు 800 మిల్లీగ్రాములు దాటితే చాలు. 400 లోపు ఉంటే వేరే గుర్రం ప్లాస్మా ఎక్కించాలి. చుక్కది 800 దాటింది. ఈ మాట ఫోన్‌లో విన్నప్పుడు పాలు కొలుస్తున్నాను. క్యాను పక్కన పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను.

ఎత్తు 92 సెం.మీ. బరువు 38 కిలోలు, మా ఆయన దాన్ని ఎత్తుకుని పాల క్యాన్ల కాటా మీద నిలబడి తన బరువు తీసేశాడు.

ఫిబ్రవరి 27, 9వ రోజు

పారుడు పట్టుకుంది. ఈ వయసులో దాదాపు అన్ని పిల్లలకూ వచ్చేదే. తల్లి మళ్లీ ఎదకు వచ్చే రోజులూ ఇవే కాబట్టి పాలు వేడి చేశాయంటారు. అసలు కారణం పిల్ల పేగుల్లో కొత్త సూక్ష్మజీవులు కాపురం పెట్టడం. చుక్క తల్లి లద్ది తింటోంది, ఆ సూక్ష్మజీవుల కోసమే. అత్తమ్మ అది చూసి మూతికి చిక్కం కట్టమంది. కట్టలేదు. వెనక తొడలు ఒరిసిపోకుండా కడిగి వాజిలీన్ రాస్తున్నాను. జ్వరం లేదు, పాలు తాగుతోంది.

పాలు తాగుతోందని ఎలా తెలుసు? తాత నేర్పినది ఇక్కడే రాసి పెట్టుకుంటున్నాను: "పిల్లను తర్వాత చూడు అమ్మణ్ణీ, ముందు తల్లి పొదుగు చూడు." పొదుగు బిగుసుకుని పాలు కారుతుంటే పిల్ల తాగడం మానేసిందని అర్థం. పిల్ల చెంగుమంటూ తిరుగుతూనే ఉంటుంది, మనకు అనుమానమే రాదు. పొదుగు దగ్గరే మొదట తెలుస్తుంది.

మార్చి

రోజు రోజుకీ రాసేంత లేదు. పొద్దున 6 గంటలకు జ్వరం, ఊపిరి, పొదుగు, లద్ది. ఆదివారాలు ఎత్తు. వారానికి సుమారు 8 కిలోలు పెరుగుతోంది. ముందు పళ్లు నాలుగు బయటికొచ్చాయి, పక్కవి నాలుగు రెండో నెలలో వస్తాయి.

బోరు తగ్గింది. ఈ ఏడు బెంగళూరంతా నీళ్ల కరువే, ట్యాంకరు ధర వారానికొక రకంగా ఉంది. ఆవులకు, ఇంటికి, గౌరికి తాగడానికి సరిపోతే చాలన్నట్టుంది. గుర్రాలు తిరిగే ఆవరణలో గడ్డి ఎండిపోయి ఎర్రమట్టి పిండిలా లేస్తోంది. చుక్క పరిగెత్తితే వెనక పొగ లేస్తుంది. వీడియో తీసి హిందూపురం పంపించాను, అందరూ ముచ్చటపడ్డారు. ఆ దుమ్ములో ఏముందో అప్పుడు తెలియదు.

ఏప్రిల్ 9, ఉగాది, 51వ రోజు

పచ్చడికి వేపపువ్వు కోసుకొచ్చి, చేతులు కడుక్కోకముందే అలవాటు కొద్దీ పొదుగు చూశాను. నిండుగా ఉంది. కుడి చనుమొన నుంచి చుక్క చుక్కగా కారుతోంది.

చుక్క నిలబడే ఉంది. తోక ఆడిస్తోంది. జ్వరం చూస్తే 103.6 ఫారెన్‌హీటు. ఈ వయసుకు 102 దాకా మామూలు. ఊపిరి నిమిషానికి 68. నీడలో, పొద్దున ఏడు గంటలకు అది 40 లోపు ఉండాలి. దగ్గు లేదు, ముక్కు కారడం లేదు. ముక్కుపుటాలు మాత్రం ప్రతి ఊపిరికీ విచ్చుకుంటున్నాయి. డొక్క దగ్గర పక్కటెముకల వెంట ఒక గీత పడుతోంది.

పండగ పూట డాక్టరమ్మకు ఫోన్ చేయడానికి వెనకాడాను, ఆ పది నిమిషాలు కూడా వృథా చేయకుండా ఉండాల్సింది. నేను అంకెలు చదువుతుంటే ఆమె మధ్యలోనే ఆపి "వస్తున్నా" అంది.

అల్ట్రాసౌండు మిషను మెడకు తగిలించుకుని పక్కటెముకల మధ్య ఒక్కో సందూ చూసింది. ఊపిరితిత్తి పైపొర తెరమీద నున్నటి తెల్లగీతలా కనపడాలి. ఎడమ వైపు రెండు చోట్ల, కుడి వైపు ఒకచోట ఆ గీత తెగిపోయి నల్లటి గుంటలు. పెద్దది సుమారు 3 సెంటీమీటర్లు. చీముగడ్డలు. ఒంట్లో చీము పడితే పెరిగే తెల్లకణాలు, ఫైబ్రినోజెన్ రెండూ రక్తంలో పెరిగాయి. గొంతుగొట్టం నుంచి తీసిన నమూనా హెబ్బాళ పశువైద్య కళాశాలకు వెళ్లింది.

"రోడోకోకస్ అనే సూక్ష్మజీవి అనుకుంటున్నా. ఒకటి నుంచి నాలుగైదు నెలల పిల్లలకు వచ్చేది. మట్టిలో ఉంటుంది, లద్దిలో పెరుగుతుంది, ఎండిన దుమ్ముతో ఊపిరిలోకి పోతుంది. పుట్టిన మొదటి వారాల్లోనే పీల్చి ఉంటుంది" అంది డాక్టరమ్మ. ఆవుల కొట్టం ఇంత శుభ్రంగా ఉంచుతాను కదా అన్నాను. "ఆవుల కొట్టం చూశాను. గుర్రాల ఆవరణ చూడు" అంది. లద్ది వారానికోసారి ఎత్తుతున్నాం. ఆవు పేడ పిడకలకు, గ్యాసుకు రోజూ ఎత్తుతాం. లద్ది పొడిగా ఉంటుంది, వాసన రాదు, ఎండి మట్టిలో కలిసిపోతుందిలే అనుకున్నాం. కలిసిపోవడమే కీడు.

మందులు రెండు, నోటి ద్వారా: అజిత్రోమైసిన్, రిఫాంపిసిన్. రెండోది మనుషుల క్షయకు వాడేదే. ఒక్కటే ఇస్తే సూక్ష్మజీవి మందుకు మొండికేస్తుంది, జంటగానే ఇవ్వాలి, వారాల తరబడి. చుక్క మూత్రం కాషాయం రంగులో వస్తే హడలిపోవద్దని ముందే చెప్పింది.

పోలేలు ఎవరూ చేయలేదు. పచ్చడి మాత్రం రాత్రి తొమ్మిదింటికి అందరం నాలుక మీద పెట్టుకున్నాం.

ఏప్రిల్ 13

మందు ఇచ్చే పద్ధతి కుదిరింది. మాత్రలు పొడి చేసి బెల్లం పాకంలో కలిపి, సూది లేని సిరంజితో చెంప సందులోకి. తర్వాత తడిగుడ్డతో మూతి రెండుసార్లు తుడవాలి, ఇది మర్చిపోకూడదు. పిల్ల మూతిని తల్లి నాకుతుంది. పిల్లను బతికించే ఈ మందు తల్లి కడుపులోకి కొంచెం పోయినా దాని పేగుల్లో మంచి సూక్ష్మజీవులు చచ్చి, ప్రాణం తీసే పారుడు పట్టుకోవచ్చు. నీళ్ల బకెట్లు కూడా వేరు చేశాం. మా ఆయన పెయింటుతో ఒకదాని మీద గౌ అని, ఒకదాని మీద చు అని రాశాడు.

జ్వరం 102.4. ఊపిరి 52.

లద్ది రోజుకు మూడుసార్లు ఎత్తుతున్నాం. పాల క్యాన్లు, కొట్టం కడిగిన నీళ్లు కాలవలోకి పోనివ్వకుండా పీపాల్లో పట్టి ఆవరణలో చల్లుతున్నాం. దుమ్ము లేవకపోతే సగం పని అయినట్టే. నన్నడిగితే గుర్రప్పిల్లను పెంచాలనుకునేవాళ్లు జీను కొనేముందు నీళ్ల గొట్టం, లద్ది గంప కొనాలి.

ఏప్రిల్ 28, ఆదివారం, 70వ రోజు

ఇవాళ బెంగళూరులో 38.5 డిగ్రీల సెల్సియస్. ఇక్కడ రికార్డు 2016 ఏప్రిల్‌లో 39.2, దానికి కాస్తే తక్కువ.

మధ్యాహ్నం రెండింటికి చుక్క ఊపిరి 84. జ్వరం 104.4. ఊపిరితిత్తులు తిరగబెట్టాయనుకుని నా చేతులు చల్లబడ్డాయి. తాత మెడ మీద అరచేయి పెట్టి, "చెమట లేదు చూడు. గౌరి తడిసిపోయింది, దీనికి మాత్రం ఎండుటాకులా ఉంది" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. అజిత్రోమైసిన్ జాతి మందులు పడ్డ పిల్లలకు చెమట సరిగా పట్టదని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పి, పగలు నీడలోంచి కదలనివ్వద్దంది. నీడలోనే ఉంది, కానీ రేకుల కప్పు కింద ఉంది. ఆ రేకు మంట దిగుతోంది.

ఇంటి వెనక చింతచెట్టు కిందికి నడిపించాం. తాగడానికి దాచిన మంచినీళ్లు రెండు పీపాలు మెడ మీద, తొడల మధ్య పోస్తూనే ఉన్నాం, పోసినవి చేత్తో తుడిచేసి మళ్లీ పోశాం. పాలగది టేబుల్ ఫ్యాను తీగ పొడిగించి పెట్టాం. 40 నిమిషాల్లో 102.2కు దిగింది. ఆ సాయంత్రం మాకు వంటకు కూడా నీళ్లు లేవు. అత్తమ్మ పక్కింటికి బిందె తీసుకుని వెళ్తూ, "పిల్ల బతికితే నీళ్లు అవే వస్తాయిలే" అంది. మూతికి చిక్కం కట్టమన్న అత్తమ్మే.

మర్నాడే రేకుల మీద కొబ్బరి మట్టలు మందంగా పరిచాం. మధ్యాహ్నాలు ఇంక చింతచెట్టు కిందే.

మే 6

వాన. నేల వాసన లేవగానే చుక్క నిలబడిన చోటే గెంతింది.

మే 20

అల్ట్రాసౌండులో తెల్లగీత చివరిదాకా తెగకుండా ఉంది. దాదాపు ఆరు వారాల మందు ఈ పూటతో ఆపేశాం. హెబ్బాళ నుంచి వచ్చిన నివేదికలో సూక్ష్మజీవి పేరు డాక్టరమ్మ అన్నదే. పిల్ల పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. "ఇక దీన్ని కండ పట్టించాలి" అన్నాను. ఆ మాట డైరీలో ఉంది కాబట్టి కొట్టేయడం లేదు.

జూన్ 17

ఏలికపాములు. లద్ది పరీక్షలో గుడ్లు బాగానే కనిపించాయి. కొట్టంలో ఆవులకు వేసే ఐవర్‌మెక్టిన్ సూది సీసా ఉంది, అది గుర్రానికి వేయకూడదు. వేసిన చోట కండ కుళ్లిన సందర్భాలున్నాయి. నోటి పేస్టు సంగతి కూడా వేరే: ఈ పురుగులు చాలాచోట్ల ఐవర్‌మెక్టిన్‌కు లొంగడం లేదు. పైగా కడుపు నిండా పాములున్న పిల్లకు అన్నీ ఒకేసారి చచ్చేలా మందు వేస్తే ఉండకట్టి పేగు మూసుకుపోతుంది. గుర్రానికి వాంతి కూడా రాదు. డాక్టరమ్మ ఫెన్‌బెండజోల్ ఇచ్చింది. మూడో రోజు లద్దిలో పెన్సిలంత పొడవు తెల్లపాములు. రెండు వారాలకు మళ్లీ పరీక్ష, తగ్గాయి.

ఆగస్టు 17, శనివారం, 6 నెలలు

నిన్న వరమహాలక్ష్మి పూజకు వచ్చిన చుట్టాలందరూ చుక్కను చూసి ఎంత బలంగా ఉందో అన్నారు. ఎత్తు 125, నిగనిగలాడుతోంది. ఇవాళ మాలీసు చేస్తూ తాత ముందుకాళ్ల దగ్గర ఆగిపోయాడు. గిట్ట పైన మొదటి కీలుంది కదా, దానికి కాస్త ఎగువన ఎముక చుట్టూ గట్టి వాపు. కీలు, నడుమ నొక్కు, మళ్లీ వాపు, డమరుకంలా ఉంది. రెండు కాళ్లకూ. వేలితో నొక్కితే కాలు లాక్కుంది.

డాక్టరమ్మ చూసిన వెంటనే కాలి సంగతి అడగలేదు, "ఏం పెడుతున్నావు?" అంది.

రాసుకున్నది చదివాను. గోధుమ తవుడు (బూసా) ఒకటిన్నర కిలో, ఉడికించిన ఉలవలు కిలో, ఓట్స్ అర కిలో. పచ్చిమేత కావలసినంత సూపర్ నేపియర్, ఆవుల కోసం వేసిన మడి నుంచే. ఉలవలను ఇంగ్లీషువాళ్లు గుర్రపు పప్పనే అంటారు, మా తాతల కాలం నుంచీ వింటున్న మేత. బూసా తింటే ఆవు పాలిస్తుంది. నేపియర్ తింటే ఆవు నిండుతుంది. నేను పెట్టిన ప్రతిదీ ప్రేమతో పెట్టిందే.

ఆమె నా నోటుబుక్కులోనే లెక్క వేసింది. బూసాలో కిలోకు ఫాస్ఫరస్ సుమారు 12 గ్రాములు, కాల్షియం గ్రాము పైచిలుకు. ఉలవల్లో రెండూ మూడేసి గ్రాముల దగ్గర. ఓట్స్‌లో కాల్షియం దాదాపు లేదు. మొత్తం దాణాలో కాల్షియం 5 గ్రాములు, ఫాస్ఫరస్ 23. ఈ సైజు, ఈ వయసు పిల్లకు రోజుకు కాల్షియం 30 గ్రాములకు పైగా కావాలి, ఫాస్ఫరస్‌కు ఒకటిన్నర నుంచి రెండింతలు ఉండాలి. నేను తలకిందులుగా, ఫాస్ఫరస్‌లో నాలుగోవంతు కూడా లేని కాల్షియం పెడుతున్నాను.

"పచ్చిమేతలో వస్తుంది కదా?" అన్నాను. అక్కడే నాకు అసలు తెలియనిది తెలిసింది. నేపియర్ జాతి గడ్డిలో ఆక్సలేటు ఎక్కువ. అది కాల్షియాన్ని పట్టుకుని వదలదు. ఆవు మొదటి పొట్టలో సూక్ష్మజీవులు ఆక్సలేటును విరగ్గొట్టేస్తాయి, అందుకే ఆవుకు ఏమీ కాదు. గుర్రానికి ఆ పొట్ట లేదు. గడ్డిలో ఉన్న కాల్షియం ఉన్నట్టే లద్దిలో పోతుంది. ఎముకలోంచి లాగి రక్తానికి ఇచ్చుకుంటుంది శరీరం. ఇలాగే సాగితే దవడ ఎముకలు ఉబ్బి తల పెద్దదవుతుందట. దానికి తోడు, జబ్బుతో ఆగిన ఎదుగుదలను దాణా కుక్కి ఒక్కసారి పరిగెత్తించడం. ఎముక చివర పెరిగే మెత్తటి పొర ఆ వేగాన్ని, ఆ బరువును మోయలేక వాచింది.

రాత్రి నిద్ర పట్టలేదు. మే 20న రాసిన మాట తీసి చదివాను.

ఆగస్టు 19

కొత్త దాణా. లూసర్న్ ఎండుమేత ఒకటిన్నర కిలో. ఇక్కడి రైతులు దాన్ని కుదురె మసాలె అంటారు. కుదురె అంటే కన్నడంలో గుర్రం. పేరులోనే ఉంది, నాకే కనపడలేదు. రోడ్స్ గడ్డి ఎండుది 2 కిలోలు, ఓట్స్ ఒక కిలో, బూసా 300 గ్రాములు. బూసా పూర్తిగా మానేద్దామన్నాను, వద్దంది, అప్పుడు ఫాస్ఫరస్ మరీ పడిపోతుంది. ఇప్పుడు కాల్షియం 31, ఫాస్ఫరస్ 16 గ్రాములు, దాదాపు 2:1. రాగి, జింకు కోసం గుర్రాలకని చేసిన ఖనిజ లవణాల పొడి. ఉలవలు, నేపియర్ బంద్.

ఆవుల దాణా మూటలు గుర్రాల వైపు పెట్టొద్దని కూడా గట్టిగా చెప్పింది. కొన్ని దాణాల్లో కలిపే మోనెన్సిన్ ఆవుకు మేలు, గుర్రానికి కొద్ది మోతాదులోనే గుండెను ఆపేస్తుంది. మూటలన్నీ వేరే గదిలో పెట్టి తాళం వేశాను, చెవి అత్తమ్మ బొడ్లో ఉంది.

పరుగు బంద్. ఇసుక పోసిన చిన్న ఆవరణ. నాల్‌బంద్ వచ్చి గిట్టలు ఆకురాయితో సమం చేశాడు: అంచులు ఎగుడుదిగుడుగా మిగిలాయట, బరువంతా ఒకవైపే పడుతోంది. ఇక ప్రతి 4 వారాలకూ రావాలి. కీలు దగ్గరి ఎముక పెరుగుదల ఈ వయసుకు చాలావరకు ముగిసిపోతుంది, వంకర ఉండి ఉంటే సరిచేసే గడువు ఎప్పుడో దాటేది. వంకర లేదు. వాపు మాత్రమే. దేవుడికి దండం.

అత్తమ్మ ఉలవల బాన కడిగి బోర్లించింది. ఏమీ అనలేదు. ఆ ఉలవలు రోజూ ఉడికించింది ఆమే.

సెప్టెంబరు 9

వినాయక చవితి అయ్యాక పాలు మాన్పించడం మొదలు. ఒక్కసారిగా విడదీయలేదు. మొదట కంచెకు ఇటు ఒకటి అటు ఒకటి, ముక్కు ముక్కు తగిలేలా. తోడుకి మేకపిల్లను కట్టాం. మొదటి రాత్రి చుక్క సకిలింపులు ఊరంతా వినపడ్డాయి, గౌరి బదులిస్తూనే ఉంది. నాలుగో రాత్రి మేక దాని పొట్టకు ఆనుకుని పడుకుంది. గౌరి దాణా తగ్గించాం, పాలు పిండలేదు. పిండితే మళ్లీ ఊరతాయి.

ధనుర్వాతం టీకా రెండో మోతాదు కూడా అయింది.

అక్టోబరు 20

వాపు గట్టిదనం తగ్గింది. నొక్కితే కాలు లాక్కోవడం లేదు. వానలకు జోరీగలు విపరీతం, సర్రా జబ్బును ఒక జంతువు నుంచి ఇంకోదానికి మోసేవి అవే. సాయంత్రాలు వేపాకు పొగ, కొట్టానికి దోమతెర. ఎత్తు 128. నెలకు ఒకటిన్నర సెంటీమీటరు. చూసినవాళ్లు చిక్కిందంటున్నారు. పక్కటెముకలు కంటికి కనపడకూడదు, చేతికి తగలాలి. తగులుతున్నాయి.

2025 ఫిబ్రవరి 18

ఏడాది. ఎత్తు 134. జ్వరం 100.4, ఊపిరి 18. కాళ్లు ఫొటో తీసి ఆగస్టు ఫొటో పక్కన పెట్టాను. డమరుకం పోయింది, కుడికాలికి లోపలి వైపు చిన్న గట్టు మిగిలింది. అది ఉండిపోతుందంది డాక్టరమ్మ, పనికి అడ్డం కాదట. ఇక మోకాళ్ల పైన చూసుకుంటూ ఉండాలి, అక్కడి ఎముక ఇంకో ఏడాదికి పైగా పెరుగుతూనే ఉంటుంది.

మళ్లీ దుమ్ము కాలం వస్తోంది. ఈసారి ఆవరణలో సగం రోడ్స్ గడ్డి వేశాం, డిసెంబరులోనే నాటుకుంది. గౌరిని ఈ ఏడు కట్టించలేదు.

తాత ఇవాళ మొదటిసారి చుక్క వీపు మీద మడిచిన దుప్పటి వేసి పది అడుగులు నడిపించాడు. రౌతు ఎక్కడానికి ఇంకా రెండేళ్లు ఆగాలన్నాడు. దుప్పటి జారి కింద పడితే చుక్క వెనక్కి తిరిగి దాన్ని వాసన చూసింది, పళ్లతో పట్టుకుని ఎత్తింది. మేక ఇంకో కొస పట్టుకుంది.

నాల్‌బంద్ మార్చి 8న వస్తాడు.